మా ఎస్ఐ గారికి రిటైరయ్యాక సమన్లు: పాత స్టాఫ్ ఒకసారి ఇటు చూడండి

రిటైర్డ్_ఏఎస్ఐ:
అందరికీ నమస్కారం. పేరు రాయను, స్టేషన్ పేరూ రాయను. మాతో పనిచేసినవాళ్ళకు చదవగానే తెలిసిపోతుంది. 2013లో మాకు ఎస్ఐగా ఉన్న సార్ తర్వాత సీఐ అయ్యి 2021లో రిటైరయ్యారు. మొన్న ఆయనింటికి కోర్టు సమన్లు వచ్చాయి. అప్పట్లో పొలాల్లో మోటార్ల రాగి తీగ వరసగా పోయేది. ఆ కేసులో పట్టుకొచ్చిన మనిషి అదే ఏడాది మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లైంటు వేశాడు, స్టేషన్లో రెండు రోజులు ఉంచారని, అరికాళ్ళ మీద కొట్టారని. 2014లో కొట్టేశారు. వాళ్ళు దాన్ని తిరగ చూడమని సెషన్స్ కోర్టుకి రివిజన్‌కి వెళ్ళారు, అక్కణ్ణుంచి మళ్ళీ కిందకి వచ్చింది, ఆ మీదట ఏళ్ళ తరబడి ఏ మూలనో పడుంది. అయిపోయిందనే అనుకున్నాం. ఇప్పుడు ఐపీసీ 330 (నేరం ఒప్పించడానికి కొట్టడం), 348 (ఒప్పించడానికి నిర్బంధించడం), 342 (అక్రమ నిర్బంధం) కింద ఫైల్లోకి తీసుకుని సీసీ (క్యాలెండర్ కేసు) నంబరు వేశారు.

సార్ సంగతి చెప్పాలి. ఒక ఊరేగింపు బందోబస్తులో నా తలకి రాయి తగిలింది. జీపు రావడానికి దారి లేదు. సార్ నన్ను భుజాన వేసుకుని నడిచారు, యూనిఫాం అంతా నా రక్తమే. ఆ రాత్రంతా ఆసుపత్రిలో స్టూలు మీద కూర్చుని, పొద్దున మా ఆవిడ వచ్చాకే కదిలారు. ఆర్నెల్లు నాకు లైట్ డ్యూటీ వేయించారు. అలాంటి మనిషి ఇవాళ మోకాళ్ళ నొప్పులతో బోను ఎక్కాలి. మనమంతా వెనక ఉన్నామని ఆయనకు తెలియాలి. మొదటి వాయిదాకి ఎంతమంది రాగలరు? ఏం చేద్దాం?

లాఠీ_మూలన:
నేను రెడీ. మా బ్యాచ్‌లోనే ముప్పై మంది తేలతారు. కోర్టు కాంపౌండు నిండిపోవాలి. సర్వీసంతా పండగ లేదు, పబ్బం లేదు, చివరికి దొంగ వేసిన కేసులో ముద్దాయిలం. సిగ్గుండాలి ఈ వ్యవస్థకి.

డబ్ల్యూహెచ్‌సీ_అక్క:
సార్ దగ్గర నేనూ రెండేళ్ళు చేశాను. ఆడ కానిస్టేబుళ్ళకు నైట్ డ్యూటీ పడితే ఇంటి దగ్గర దింపించేవారు, అప్పట్లో ఎవరూ పట్టించుకోని సంగతి అది. సార్ భార్య, మేడం గారికి ఫోన్ చేశాను. సార్ అన్నం సరిగా తినడం లేదట, సమన్ల కాగితం దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నారట. ముందు ఎవరైనా ఇంటికి వెళ్ళి కూర్చోండి. కోర్టు తర్వాత.

అజ్ఞాత_77:
ఇంకా సర్వీసులో ఉన్నాను కాబట్టి పేరు పెట్టలేను. మా వాళ్ళు చాలామంది రావాలనుకుంటున్నారు, కానీ 1966 నాటి పోలీసు బలగాల హక్కుల పరిమితి చట్టం మా మెడ మీద ఉంది. అనుమతి లేకుండా సంఘం పెట్టకూడదు, పత్రికల వాళ్ళతో మాట్లాడకూడదు, ప్రదర్శనలంటే అసలే కుదరదు. చందాలు వసూలు చేయాలన్నా కండక్ట్ రూల్స్ అడ్డం. రిటైరైన మీరే ముందు నిలబడాలి అన్నా.

కుర్ర_ఎస్ఐ:
పన్నెండేళ్ళ తర్వాత కేసేంటండీ? కాలదోషం పట్టదా? పైగా గవర్నమెంటు శాంక్షన్ (అనుమతి) లేకుండా పోలీసు మీద కేసు ఎలా నడుస్తుంది? ట్రైనింగులో పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 197వ సెక్షన్ అని చెప్పారే.

నల్లకోటు:
క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేస్తాను, ఇద్దరి తరఫునా వాదించిన అనుభవం ఉంది. ఈ కేసు కాగితాలు నేను చూడలేదు, కాబట్టి మామూలుగా ఉండే సంగతులే చెబుతాను.

కాలదోషం: సీఆర్‌పీసీ 468 మూడేళ్ళ దాకా శిక్ష పడే నేరాలకే గడువు పెట్టింది. 330కి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది, దానికి గడువే లేదు. 342కి ఏడాదే కదా అంటారేమో. కలిపి విచారించే నేరాల్లో పెద్ద శిక్ష ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. అయినా ఆ మనిషి కంప్లైంటు వేసింది అదే ఏడాది. ఆలస్యం కోర్టుల్లో జరిగింది, ఆయన చేతిలో కాదు.

శాంక్షన్ దగ్గర చాలామంది పోలీసు సోదరులు పొరబడతారు. 197 అందరికీ గొడుగు కాదు. ప్రభుత్వం అనుమతి లేకుండా ఉద్యోగం నుంచి తీసేయడానికి వీల్లేని అధికారులకే అది. ఎస్ఐని తీసేసే అధికారం పై పోలీసు అధికారికే ఉంది కాబట్టి ఎస్ఐకి ఆ రక్షణ రాదని 1963లోనే నాగరాజ్ వర్సెస్ మైసూరు స్టేట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పేసింది. అదే సెక్షన్‌లో మూడో సబ్ సెక్షన్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ఇస్తే శాంతిభద్రతలు చూసే కింది స్థాయి వాళ్ళకూ ఆ రక్షణ వర్తిస్తుంది. సార్ లాయరు ముందు వెతకాల్సింది ఆ నోటిఫికేషన్‌నే. అది దొరికినా, చేసిన పనికీ డ్యూటీకీ సంబంధం ఉందని చూపించాలి. 2020లో దేవరాజ కేసు తీర్పు చదవండి: అధికారాన్ని కాస్త మించినంత మాత్రాన రక్షణ పోదన్నారు, డ్యూటీకి సంబంధమే లేని పనికి రక్షణ లేదనీ అన్నారు. సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ 218లో 120 రోజుల్లో ప్రభుత్వం తేల్చకపోతే శాంక్షన్ ఇచ్చినట్టే లెక్క అని పెట్టారు, కానీ ఈ కేసు పాత కోడ్ కింద మొదలైంది.

ఒక మంచి మాట కూడా. 330 బెయిలబుల్. మొదటి వాయిదాకి వెళ్ళి ష్యూరిటీ (జామీను) ఇస్తే సరిపోతుంది. అరెస్టు చేస్తారని దిండు కింద కాగితం పెట్టుకుని నిద్ర మానుకోవద్దని ఆయనకు చెప్పండి. మోకాళ్ళ నొప్పులకు డాక్టరు కాగితం జతచేసి 205 కింద హాజరు మినహాయింపు అడగొచ్చు.

రిటైర్డ్_ఏఎస్ఐ:
లాయరు మేడం గారూ, చాలా థ్యాంక్స్. ఇది ప్రింటు తీసి సార్‌కి చదివి వినిపిస్తాను. బెయిలబుల్ అన్న మాట ఒక్కటి చాలు ఆయనకి.

లాఠీ_మూలన:
ఇన్ని సెక్షన్లు ఎందుకండీ. ఆ మనిషి ఊరు మాకు తెలుసు. నలుగురు పెద్దమనుషుల్ని తీసుకెళ్ళి కూర్చోబెట్టి మాట్లాడితే సాయంత్రానికి అయిపోతుంది.

నల్లకోటు:
ఆ పని మాత్రం చేయకండి. 330 రాజీకి వీలున్న నేరం కాదు, కాబట్టి కింది కోర్టులో మీ పంచాయితీ కాగితం పనికిరాదు. ఇక నలుగురు పాత పోలీసులు గుమ్మంలోకి వెళ్ళి "మాట్లాడితే" అవతలివాళ్ళకు అది ఎలా వినిపిస్తుందో మీకంటే ఎవరికి బాగా తెలుసు? తప్పుడు సాక్ష్యం చెప్పమని ఎవర్నైనా బెదిరిస్తే ఐపీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ 232 కింద అదో కొత్త కేసు. ఆ బురద వచ్చి సార్‌కే అంటుకుంటుంది, ఉన్న బెయిలుకీ ఎసరు.

మోడరేటర్:
లాఠీ_మూలన గారూ, ఫిర్యాదుదారు ఊరు, ఇంటి గుర్తులు ఇక్కడ రాయొద్దు. రెండోసారి చెప్పను.

లెక్కల_మనిషి:
పింఛను సంగతి ఎవరూ ఎత్తలేదు. పింఛన్ల సెక్షన్‌లో ఇరవై రెండేళ్ళు చేశాను, నాకు తెలిసింది చెబుతాను. 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్‌లో 9వ రూలు చూడండి. కోర్టులో గానీ శాఖాపరమైన విచారణలో గానీ తీవ్రమైన దుష్ప్రవర్తన రుజువైతే పింఛను మొత్తంగానో కొంతో ఆపే హక్కు ప్రభుత్వానికి ఉంది. ప్రభుత్వానికి అంటే ప్రభుత్వానికే. జిల్లా ఆఫీసు నుంచి మెమో వచ్చిందని బ్యాంకు ఆపేయడానికి లేదు. కేసు నడుస్తున్నంత మాత్రాన, శిక్ష పడకుండానే వస్తున్న పింఛను ఆగిపోతుందని భయపడక్కర్లేదు. ఇక పన్నెండేళ్ళ నాటి సంగతి మీద ఇప్పుడు కొత్తగా శాఖాపరమైన విచారణ మొదలుపెట్టడానికి వీల్లేదు. రిటైరయ్యాక మొదలుపెట్టాలంటే సంఘటన నాలుగేళ్ళ లోపుది అయ్యుండాలి.

అసలు దెబ్బ తినేది కేసు పెండింగులో ఉండగా రిటైరయ్యేవాళ్ళు. వాళ్ళకు తాత్కాలిక పింఛనే, గ్రాట్యుటీ కేసు తేలేదాకా రాదు.

మూడు_పట్టీలు:
ఆ తాత్కాలిక పింఛను వాణ్ణి నేనే. తొమ్మిదేళ్ళు తిరిగాను. గ్రాట్యుటీ వస్తే అమ్మాయి పెళ్ళి చేద్దామనుకున్నాను. పెళ్ళయింది, మనవడు స్కూలుకి వెళ్తున్నాడు, అప్పుడు వచ్చింది గ్రాట్యుటీ. కేసు కొట్టేశారు లెండి. ఆ తొమ్మిదేళ్ళలో ఈ బ్యాచ్‌మేట్లు మొదటి రెండు వాయిదాలకు వచ్చారు. ఫోటోలు దిగారు, గ్రూపులో పెట్టారు. మూడో వాయిదా నుంచి నేనూ, నా సంచీ. నిష్ఠూరం కాదు, మీరు సార్‌కి మాట ఇచ్చేముందు లెక్క వేసుకోండి. వాయిదాలు ముప్పై ఉంటాయి, నలభై ఉంటాయి. మొదటి దానికి యాభై మంది రావడం తేలిక. ఇరవయ్యో దానికి ఒక్కడు వస్తే వాడే నిజమైన స్టాఫు.

డబ్ల్యూహెచ్‌సీ_అక్క:
అన్నా, మీ వాయిదాలకి రాని వాళ్ళలో నేనూ ఉన్నాను. ఏం చెప్పను.

వరండా_కొడుకు:
ఇది పోలీసుల చర్చని తెలుసు. అయినా రాస్తున్నాను, తీసేయాలనిపిస్తే తీసేయండి. మీరు చెప్పే కేసుకీ మాకూ సంబంధం లేదు, వేరే జిల్లా. మా నాన్న కూడా ఇలాంటి కంప్లైంటే వేశాడు. మొదటి వాయిదాకి ఆ ఎస్ఐ వెంట పాతిక ముప్పై మంది వచ్చారు. ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు, అబద్ధం చెప్పను. వరండాలో ఊరికే నిలబడ్డారు. అందరివీ పొట్టి క్రాపులు, అందరూ చేతులు వెనక్కి కట్టుకుని. మరుగుదొడ్డి ఆ వరండా చివర ఉంది. మా నాన్నకి షుగరు. పొద్దున పదింటి నుంచి రెండున్నర దాకా ఆ మనుషుల మధ్య నుంచి నడవలేక అలాగే బిగపట్టుకుని కూర్చున్నాడు. కేసు పిలిచేసరికి పంచె తడిసింది. జడ్జి గారు చూడలేదు. నేను చూశాను.

వచ్చే వాయిదాకి రానన్నాడు. కేసు పోయింది.

లాఠీ_మూలన:
తమ్ముడూ, మేం అలాంటి ఉద్దేశంతో కాదు.

వరండా_కొడుకు:
వాళ్ళ ఉద్దేశమూ అది కాదేమో అండి.

రిటైర్డ్_ఏఎస్ఐ:
ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశాను. కోర్టు వరండాలో నిలబడటం మనకు డ్యూటీ, అలవాటైన పని. ఎదురుగా కూర్చున్నవాడికి ఎలా ఉంటుందో ముప్పై మూడేళ్ళ సర్వీసులో నేను ఎప్పుడూ అనుకోలేదు. కాంపౌండు నింపే ఆలోచన మానేద్దాం. వాయిదాకి ఇద్దరం, లాయరు, అంతే. మిగతావాళ్ళు ఇంటికి వెళ్ళి సార్‌తో కూర్చోండి, వంతులు వేసుకుందాం.

కుర్ర_ఎస్ఐ:
ఒక సందేహం. సార్ ఏ తప్పూ చేయలేదనే అందరం అనుకుంటున్నాం కదా? మరి నిరూపించడానికి ఏముంది? అరెస్టుల్లో పాటించాల్సిన పద్ధతుల మీద సుప్రీంకోర్టు డీకే బసు తీర్పు వచ్చింది 1996లో. అరెస్టు మెమో, దాని మీద సాక్షి సంతకం, బంధువులకు కబురు, ఒంటి మీద దెబ్బల వివరాల మెమో, 48 గంటలకోసారి డాక్టరు పరీక్ష, ఇవన్నీ 2013 నాటికే తప్పనిసరి. సీసీ కెమెరాల తీర్పు 2020 డిసెంబరులో వచ్చింది కాబట్టి ఫుటేజీ సంగతి వదిలేయండి. జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఉండాలి కదా, రిమాండ్ రిపోర్టు ఉండాలి కదా. అవి సరిగ్గా ఉంటే సార్‌కి భయమేముంది?

స్టేషన్_రైటర్:
మూడు రోజులుగా చదువుతున్నాను, రాయకూడదనే అనుకున్నాను. ఆ ఏడాది ఆ స్టేషన్లో రైటరుని నేనే. ఆ జీడీలో చేతిరాత నాది.

సార్ నాకూ మంచే చేశారు. మా అబ్బాయికి ఇంజనీరింగు సీటు వచ్చినప్పుడు ఫీజుకి ఆయన జేబులోంచి ఇచ్చారు, మళ్ళీ అడగలేదు. అది ముందు చెప్పాలి.

ఇక ఆ రోజు సంగతి. [ఈ పోస్టులో ఆరు వాక్యాలు తొలగించాం. కేసు విచారణలో ఉంది. – మోడరేటర్] జీపు వచ్చింది. ఎక్కమంటే ఆ మనిషి చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. వేసుకోరా అన్నాను. వేసుకోలేదు. అలాగే చేత్తో పట్టుకుని ఎక్కాడు. నీలం పట్టీల హవాయి చెప్పులు. ఎన్నో జీడీలు రాశాను, ఒక్క పేజీ కూడా గుర్తులేదు. ఆ చెప్పులు గుర్తున్నాయి.

నల్లకోటు:
రైటర్ గారూ, దయచేసి ఇక్కడితో ఆపండి. మీరు సాక్షి అయ్యే అవకాశం ఉంది. ఇక్కడ రాసిన ప్రతి మాటా రేపు ప్రింటు తీసి మీ చేతికిచ్చి ఇది మీరు రాసిందేనా అని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడుగుతారు. మోడరేటర్ తీసేసింది మంచి పని. మీకు సొంతంగా ఒక లాయరు కావాలి, సార్ లాయరు కాదు.

లాఠీ_మూలన:
అంటే ఇప్పుడు రైటర్ మనకు ఎదురు తిరుగుతున్నాడా? ఉప్పు తిన్న ఇంటికి...

మూడు_పట్టీలు:
ఆయన చెప్పుల గురించి చెప్పాడయ్యా. అంతకు మించి ఏమీ అనలేదు. అది విని నీకు అంత కోపం ఎందుకొచ్చిందో నువ్వే చూసుకో.

డబ్ల్యూహెచ్‌సీ_అక్క:
గొడవ పడకండి. ఇవాళ సార్ ఇంటికి వెళ్ళొచ్చాను. నాలుగు ముద్దలు తిన్నారు. కేసు సంగతి ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పాత ఫోటోలు తీశారు. పోలీసు మైదానంలో పరేడు ఫోటోలో ఒక్కొక్కరి పేరూ చెప్పారు, చనిపోయినవాళ్ళ పేర్లతో సహా. గేటు దాకా వచ్చి, "నేను ఎలాంటివాణ్ణమ్మా?" అన్నారు. మంచివారు సార్ అన్నాను. అది నిజమే. కానీ బస్సెక్కాక అనిపించింది, ఆయన నన్ను అడిగింది అది కాదేమోనని.

రిటైర్డ్_ఏఎస్ఐ:
ఎంతోమంది అడుగుతున్నారని రాస్తున్నాను. మొదటి వాయిదా అయింది. ష్యూరిటీ నేనూ, ఇంకొకరూ ఇచ్చాం. సార్ బోనులో నిలబడితే జడ్జి గారు కుర్చీ వేయించారు. ఆ మనిషీ వచ్చాడు, వెంట ఆడపిల్ల, కూతురనుకుంటాను. వాళ్ళకు లీగల్ ఎయిడ్ లాయరు. మేం ఇద్దరం వరండాలో కాకుండా బయట చెట్టు కింద కూర్చున్నాం. 205 పిటిషన్ వేశాం, ఇంకా ఆర్డరు కాలేదు. ఖర్చులకు డబ్బు పంపినవాళ్ళకు నమస్కారాలు, లెక్క ప్రతి నెలా లెక్కల_మనిషి గారు పెడతారు.

లెక్కల_మనిషి:
లెక్క పెట్టాను. మూడో రసీదు మసకగా వచ్చింది, ఎవరి దగ్గరైనా అసలుది ఉంటే మళ్ళీ ఫోటో తీయండి.

(రెండు నెలల తర్వాత)

స్టేషన్_రైటర్:
నాకు సమన్లు వచ్చాయి. కంప్లైంటు తరఫు సాక్షిగా. 26వ తారీకు. జీడీ కోర్టుకు తెప్పిస్తున్నారట, రాత నాదని చెప్పాలి. లాయరుని పెట్టుకున్నాను మేడం, మీరు చెప్పినట్టే.

లాఠీ_మూలన:
అన్నా, నేను అప్పుడు అన్న మాట మనసులో పెట్టుకోకు. కానీ ఒకటి అడుగుతాను. రాత నాదేనని చెప్పి వచ్చేయొచ్చు కదా. అంతకు మించి ఎవరు అడుగుతారు?

స్టేషన్_రైటర్:
అడుగుతారు తమ్ముడూ. నువ్వూ కోర్టు డ్యూటీ చేశావు.

రిటైర్డ్_ఏఎస్ఐ:
నీకు సమన్లు వచ్చిన సంగతి సార్‌కి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఏముంది, అతను రాసిందే చెప్పమను" అన్నారు.

స్టేషన్_రైటర్:
రాసిందే అన్నారా? చూసింది అనలేదా?

రిటైర్డ్_ఏఎస్ఐ:
రాసిందే అన్నారు. ఏ అర్థంలో అన్నారో నేను అడగలేదు. ఫోను పెట్టేశాక అడగాల్సిందేమో అనిపించింది. మళ్ళీ చేయబోయి మానేశాను. 26న నేనూ వస్తున్నా కదన్నా, పొద్దున బస్టాండులో కలుద్దాం, ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళొచ్చు. నీకూ తోడుగా ఉంటుంది.

నల్లకోటు:
ఏఎస్ఐ గారూ, మీరు ముద్దాయికి ష్యూరిటీ. ఆయన అవతలి వైపు సాక్షి. ఒకే బస్సులో వెళ్ళకండి. ఆ రోజు అయ్యేదాకా ఫోన్లు కూడా వద్దు. సార్‌తో జరిగిన మాటలేవీ ఆయనకు చేరవేయకండి, ఇక్కడ కూడా. పైన రాసినవి తీసేయమని మోడరేటర్‌ను అడుగుతున్నాను.

స్టేషన్_రైటర్:
సరే మేడం. నేను ఆరింటి బస్సుకి వెళ్తాను. నువ్వు ఏడున్నరకి రా తమ్ముడూ.